గ్లాసు ఉచ్చులో పడిన ఆ ఎర్ర రెక్కల పురుగు: పేరు ఎంతవరకు చెప్పగలం?

ఆనందపురం దగ్గర మీ జీడితోటలో, గత్తం కుప్ప పక్కన నేలలో పాతిన ప్లాస్టిక్ గ్లాసులో పడిన పురుగు ఫోటోలు నాలుగూ పెద్దవి చేసి చూశాను. మీరు అడిగినవి మూడు. ఇది ఏ జాతి? ఫోన్ యాప్ చెప్పినట్టు ఇది ఒళ్లు పొక్కించే పెడెరసేనా? ఎక్కడ వెతికినా ఇలాంటి ఫోటో దొరకలేదు కాబట్టి కొత్త జాతి అయ్యే అవకాశం ఉందా?

రెండోదానికి ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే ఇంట్లో పిల్లలున్నారని రాశారు. ఇది పెడెరస్ కాదు. మొదటిదానికి: ఇది రోవ్ బీటిలే, స్టాఫిలినిడే కుటుంబం. అందులో స్టాఫిలినినే ఉపకుటుంబం. ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు, ఫిలోంథస్ అని నా అభిప్రాయం, కాకపోతే దానికి బాగా దగ్గరిది. జాతి పేరు మాత్రం ఈ ఫోటోలతో తేలదు. ఎవరైనా ఫోటో చూసి రెండు పదాల పూర్తి పేరు రాసిస్తే దాన్ని మీ రికార్డులో ఎక్కించకండి. మూడో ప్రశ్నకు జవాబు కొంచెం పొడవు, కిందికి వచ్చాక చెప్తాను.

పెడెరస్ ఎందుకు కాదంటే, దాని రంగులు ఒకసారి చూస్తే మరచిపోలేరు. తల నలుపు, తల వెనకున్న పలక నారింజ, పొట్టి రెక్కపెంకులు మెరిసే నీలం, పొట్ట మళ్లీ నారింజ, తోక చివర నలుపు. మీ పురుగు తల, పలక, పొట్ట అన్నీ నల్లగా నిగనిగలాడుతున్నాయి, రెక్కపెంకులు మాత్రమే ఇటుక రంగు. యాప్‌లు పొడుగ్గా, సన్నగా, రెండు రంగుల్లో ఉన్న ఏ రోవ్ బీటిల్‌నైనా పెడెరస్ అనేస్తాయి, ఎందుకంటే వాటికి ఎక్కువగా అందిన ఫోటోలు దానివే. అసలు పెడెరస్ మన ప్రాంతంలో లేదని కాదు. వానలు పడ్డాక వరిచేల వైపు నుంచి ట్యూబులైట్లకు వస్తుంది. అది కుట్టదు, కరవదు. దాని ఒంట్లోని రసంలో పెడెరిన్ అనే విషపదార్థం ఉంటుంది, ఆ పదార్థాన్ని తయారుచేసేది దాని లోపల బతికే సూడోమోనాస్ జాతి బాక్టీరియా. చర్మం మీద నలిపితే వెంటనే ఏమీ తెలియదు, ఒకటి రెండు రోజుల్లో మంట, పొక్కులు. వాలితే ఊదెయ్యాలి, నలపకూడదు. నలిగిపోతే సబ్బుతో కడుక్కోవాలి, ఆ చేత్తో కళ్లు నలుపుకోకూడదు. ఇంత చెప్పి ఇంకో మాట కూడా చెప్పాలి: వరిలో సుడిదోమను తినే పురుగుల్లో పెడెరస్ ఒకటి. చేలో కనబడితే మందు కొట్టాల్సిన పని లేదు.

ఇక మీ పురుగు దగ్గరికి వద్దాం. రోవ్ బీటిల్ అని ఎలా తెలిసిందంటే, రెక్కపెంకులు పొట్టను కప్పకుండా సగంలోనే ఆగిపోయాయి, ఎగిరే రెక్కలు వాటి కింద మడతలు పడి దాక్కున్నాయి, పొట్ట గడులు గడులుగా బయటికి కనబడుతోంది. పుల్లతో కదిపితే తోక పైకెత్తిందని రాశారు, అది కూడా ఈ కుటుంబం అలవాటే. ఇయర్‌విగ్ అని మీ స్నేహితుడు అనుకున్నది తప్పు. ఇయర్‌విగ్ అయితే తోక చివర పటకారులాంటి కొమ్ములు రెండు ఉండాలి. ఇక్కడ లేవు.

కుటుంబం తెలిస్తే సగం పని అయిందనుకుంటారు గానీ ఈ కుటుంబంలో కాదు. ప్రపంచంలో ఇప్పటివరకు వర్ణించిన రోవ్ బీటిల్ జాతులు 60 వేలకు పైనే. అందుకే ఉపకుటుంబం దగ్గర తొందరపడకూడదు. నేను ఎప్పుడూ మొదట చూసేది రంగు కాదు, మీసాలు తలలో ఎక్కడి నుంచి మొలిచాయన్నది. మీ మూడో ఫోటోలో అది స్పష్టంగా కనబడుతోంది, అది చూశాకే నాకు ధైర్యం వచ్చింది. మీసాల మొదళ్లు తల ముందంచు మీదే, దవడలకు కాస్త లోపలగా, ఒకదానికొకటి దూరంగా ఉన్నాయి. ఇది స్టాఫిలినినే లక్షణం. అదే మీసాలు కళ్ల దగ్గర, తల పైభాగం నుంచి మొలిస్తే అలియోకారినే. ఆ ఒక్క ఉపకుటుంబంలోనే 16 వేలకు పైగా జాతులున్నాయి, చాలావరకు మూడు నాలుగు మిల్లీమీటర్లు దాటవు. తల పక్కన చిన్న గట్టు కింద మొదలు దాక్కుని, పై నుంచి చూస్తే కనబడకపోతే పెడెరస్ ఉండే పెడెరినే ఉపకుటుంబం వైపు చూడాలి. కళ్లే తలంతా నిండి, వాటి మధ్య నుంచి మీసాలు వస్తే అది స్టెనస్ ప్రజాతి. తడి గట్ల మీద, చెరువుల ఒడ్డున తిరుగుతుంది.

అదే గ్లాసులో రెండు మూడు మిల్లీమీటర్ల చిన్నవి, మెరుపు లేనివి, పలక మీద నిలువు గాడులు ఉన్నవి కూడా పడ్డాయని మీ నాలుగో ఫోటోలో కనబడుతోంది. అవి వేరు. ఆక్సిటెలినే ఉపకుటుంబం, పేడలోనూ కుళ్లిన ఆకుల్లోనూ కుప్పలుగా ఉంటాయి. వాటిని పారేయకండి, వేరే సీసాలో పెట్టండి.

స్టాఫిలినినేలో కూడా ఇంకో చీలిక ఉంది. ఒళ్లు బాగా పొడుగ్గా, మెడ సన్నగా, రెండు మీసాల మొదళ్లు దగ్గరదగ్గరగా, రెక్కపెంకులు నడిమధ్యలో ఒకదాని అంచు మరొకదాని మీదికి ఎక్కినట్టు ఉంటే జాంథోలినిని తెగ. మీ పురుగుకు రెక్కపెంకుల అంచులు తలుపు రెక్కల్లా సరిగ్గా కలుసుకున్నాయి. కాబట్టి స్టాఫిలినిని తెగ. అక్కడి నుంచి ఫిలోంథస్ అనడానికి నాకు దొరికిన ఆధారం, పలక మీద ఉన్న చుక్కలు. తలకూ రెక్కపెంకులకూ మధ్య ఉన్న ఆ పలకను ప్రోనోటం అంటారు. మీ పురుగు ప్రోనోటం అద్దంలా నున్నగా ఉంది, నడిమధ్యకు అటూ ఇటూ ఒక్కో వరుసలో కొన్ని గుంటచుక్కలు, ఒక్కో గుంటలో ఒక్కో వెంట్రుక. ఈ వరుసలో ఎన్ని చుక్కలున్నాయన్నదాన్ని బట్టే ఫిలోంథస్ జాతుల్ని గుంపులుగా విడగొడతారు. మూడు, నాలుగు, ఐదు, ఆరు, కొన్నిటికి అసలు ఉండవు. మీ ఫోటోలో ఎడమ వరుసలో నాలుగు కనబడుతున్నాయి, కుడి వరుస మీద వెలుతురు పడి తెల్లబోయింది. ఒక జాగ్రత్త: చాలా గుర్తింపు కీలలో (లక్షణాల్ని ఒక్కొక్కటిగా పోలుస్తూ పేరు దగ్గరికి చేర్చే ప్రశ్నల వరుసల్లో) ముందంచుకు ఆనుకున్న చుక్కను లెక్కలో కలపరు. మీరు వాడే కీలో ఎలా లెక్కపెట్టారో మొదట చూసుకుని అప్పుడు లెక్కపెట్టండి. ఒక్క చుక్క తేడాతో వేరే గుంపులోకి వెళ్లిపోతారు, అక్కడి నుంచి ఎంత జాగ్రత్తగా నడిచినా చేరేది తప్పు పేరుకే.

చోటు కూడా సరిపోతోంది. ఫిలోంథస్ పెద్దవీ పిల్లపురుగులూ పేడలో, గత్తంలో ఈగల గుడ్లు, పురుగుల కోసం వేటాడతాయి. గత్తం కుప్ప పక్కన గ్లాసు పాతితే పడకపోతేనే ఆశ్చర్యం. అయితే చోటును ఆధారంగా చూడకండి, తోడు సాక్ష్యంగా మాత్రమే తీసుకోండి.

రంగు గురించి, కొలత గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ వర్ణనంతా వాటి మీదే నిలబడింది. ఇటుక రంగు రెక్కపెంకులు ఒక్క జాతికి మాత్రమే ఉండవు, ఫిలోంథస్‌లో చాలా జాతులకు ఉంటాయి. పైగా ప్యూపా నుంచి కొత్తగా బయటికొచ్చిన పురుగుకు ఒళ్లు ఇంకా గట్టిపడదు, నల్లబడాల్సిన చోట్లు ఎర్రగా, గోధుమ రంగులో ఉంటాయి. రంగును చివరగా చూడాలి. ఇక పొడవు తొమ్మిది మిల్లీమీటర్లు అన్నారు. రోవ్ బీటిల్ పొట్ట గడులు ఒకదానిలోకి ఒకటి జరుగుతాయి, స్పిరిట్‌లో వేస్తే సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. మొత్తం పొడవుతో పాటు తల ముందు నుంచి రెక్కపెంకుల చివరిదాకా ఒక కొలత, తల వెడల్పు, ప్రోనోటం పొడవు వెడల్పులు, రెక్కపెంకు పొడవు విడివిడిగా రాసుకోండి. ఇవి మారవు.

ఇప్పుడు అసలు సంగతి. జాతి పేరు తేలేది మగపురుగు పొట్ట లోపలున్న ఈడియాగస్ అనే జననాంగం దగ్గర. పైకి అచ్చు ఒకేలా ఉన్న రెండు జాతులు అక్కడ స్పష్టంగా వేరైపోతాయి. ఫిలోంథస్‌లో ఈడియాగస్‌కు ఆనుకుని పారామియర్ అనే పలచని పలక ఉంటుంది. అది ఒంటిగా ఉందా, చివర చీలిందా, దాని లోపలి వైపు చిన్న నల్ల మేకుల్లాంటివి ఎన్ని, ఎలా పేర్చి ఉన్నాయి, ఇవన్నీ జాతికో రకం. ఫోటోతో తేలదని గట్టిగా చెప్పింది అందుకే.

మొదట మీది మగదో ఆడదో చూడండి. తిరగేసి పొట్ట కింది వైపు, తోకకు ముందున్న ఆఖరి పెద్ద పలక వెనక అంచు చూడండి. మగదానికి మధ్యలో నొక్కు ఉంటుంది. ముందుకాళ్ల పాదాలు వెడల్పుగా, అడుగున లేత రంగు వెంట్రుకల మెత్తతో ఉండటం కూడా చాలా జాతుల్లో మగ గుర్తు. ఆడదైతే దాన్ని భద్రపరిచి, అదే చోట మగది పడేదాకా గ్లాసులు పెట్టడమే మంచి దారి.

మగదైతే, ఎండిపోయి ఉంటే గోరువెచ్చటి నీళ్లలో మెత్తబడనివ్వండి. స్టీరియో మైక్రోస్కోప్ కింద, కొన సన్నగా ఉన్న రెండు ఫోర్సెప్స్‌తో తోక చివరి గడుల్ని పట్టి నెమ్మదిగా లాగితే ఈడియాగస్ వాటితో పాటే వస్తుంది. చుట్టూ కండ అంటుకుని ఉంటే 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో కాసేపు ఉంచాలి, మధ్యమధ్యలో తీసి చూస్తూ ఉండాలి. అది చర్మాన్నీ కంటినీ కాల్చేస్తుంది. ఇంట్లో చేయకండి, మీ కాలేజీ ల్యాబ్‌లో గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని, మేడమ్ గారో సారో పక్కనుండగా చేయండి. తర్వాత నీళ్లలో కడిగి గ్లిజరిన్ చుక్కలో పెట్టి అన్ని వైపుల నుంచి ఫోటోలు తీయండి. పని అయ్యాక దాన్ని చిన్న గొట్టంలో గ్లిజరిన్‌తో పెట్టి, పురుగు గుచ్చిన సూదికే గుచ్చాలి. పురుగు ఒక పెట్టెలో, దాని ఈడియాగస్ ఇంకో డబ్బాలో ఉంటే ఆ రెండూ ఎవరికీ పనికిరావు. మొదటిసారి ఈ పని ఈ ఒక్క నమూనా మీద చేయవద్దని నా గట్టి సలహా. గత్తం దగ్గర మామూలుగా దొరికే వాటి మీద చెయ్యి తిరగనివ్వండి.

కొత్త జాతా అన్న మీ ప్రశ్నకు ఇప్పుడు వస్తాను. ఇంటర్నెట్‌లో ఫోటో లేకపోవడానికీ శాస్త్రానికి తెలియకపోవడానికీ సంబంధం లేదు. మన దేశపు రోవ్ బీటిల్స్‌లో చాలావాటికి బతికున్న ఫోటో ఒక్కటీ లేదు, కానీ నూరేళ్ల కిందటే పేర్లున్నాయి. మాల్కమ్ కామెరాన్ అనే నౌకాదళ వైద్యుడు డెహ్రాడూన్‌లో అటవీ పరిశోధన సంస్థలో పనిచేసి, బ్రిటిష్ ఇండియా జంతుజాల గ్రంథమాలలో ఈ కుటుంబం మీద నాలుగు సంపుటాలు రాశాడు. మొదటిది 1930లో, రెండోది 1931లో, మూడోది 1932లో వచ్చాయి. నాలుగోది రెండు భాగాలుగా 1939లో వచ్చింది. మీకు కావలసింది మూడో సంపుటం, స్టాఫిలినినే అందులోనే ఉంది. పెడెరస్ లాంటివి రెండోదానిలో, అలియోకారినే నాలుగోదానిలో. వీటి స్కాన్ ప్రతులు ఉచితంగా దొరుకుతాయి. మన వైపు రోవ్ బీటిల్‌కు పేరు పెట్టాలంటే ఈనాటికీ మొదలుపెట్టాల్సింది అక్కడే.

కానీ దాన్ని గుడ్డిగా నమ్మకూడదు. కామెరాన్ దగ్గరికి వచ్చిన నమూనాల్లో పెద్ద భాగం డెహ్రాడూన్, ముస్సోరీ కొండలవీ నీలగిరులవీ. తూర్పు కనుమలు అందులో పలచగా ఉన్నాయి. కాబట్టి అనంతగిరి, అరకు, కంబాలకొండ పురుగుల్ని ఆ కీలో నడిపిస్తే ఏదో ఒక పేరు దగ్గర ఆగుతారు, అది సరైన పేరే అని హామీ లేదు. కీ పని మిమ్మల్ని ఒక పేరు దగ్గరికి తీసుకెళ్లడమే. అక్కడికి చేరాక పూర్తి వర్ణన చదివి ఒక్కో మాటా మీ పురుగుతో పోల్చుకోవాలి. ఒక్కటి కుదరకపోయినా ఆగిపోవాలి. పైగా ఆయన ఇచ్చిన పేర్లలో చాలావాటి ప్రజాతులు తర్వాత మారాయి, ఈడియాగస్ బొమ్మలు చాలా జాతులకు లేవు.

శ్రీలంక జాతుల్ని జర్మన్ కీటక శాస్త్రవేత్త క్రాట్జ్ 1859లోనే వర్ణించాడు, మన తూర్పు తీరపు పురుగులు అక్కడివాటితో కలవడం మామూలే. బర్మా, థాయిలాండ్ వైపు నుంచి విస్తరించినవీ ఉంటాయి. కొత్త జాతి అని రాయాలంటే వీటన్నిటినీ దాటి, పేరు పెట్టినప్పుడు ఆధారంగా తీసుకున్న మూల నమూనాలతో పోల్చాలి. కామెరాన్ సేకరణ లండన్ మ్యూజియంలో, ఈ కుటుంబం మీదే పనిచేసిన ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఫావెల్ సేకరణ బ్రస్సెల్స్‌లో ఉన్నాయి. ఇదంతా ఒక్క మనిషి ఒక్క పురుగుతో చేసే పని కాదు. నిజంగా కొత్తదని తేలితే 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం నమూనాను ప్రభుత్వం గుర్తించిన భాండాగారంలో అప్పగించాలి. మన దేశంలో జంతువుల విషయంలో ముఖ్యమైనది కోల్‌కతాలోని జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా.

డీఎన్ఏ పరీక్ష చేయిస్తే తేలిపోదా అని కూడా రాశారు. సీఓఐ అనే జన్యువులో 658 అక్షరాల ముక్కను చదివి పోలుస్తారు. అవతల సరిగ్గా పేరు పెట్టిన నమూనా ఉంటేనే ఆ పోలిక పలుకుతుంది. లేకపోతే దగ్గరి బంధువు పేరు చూపించి ఊరుకుంటుంది. ఆ దారి మూసుకోకుండా ఉండాలంటే ఒక కాలు విరిచి 95 శాతం ఇథనాల్‌లో ఫ్రిజ్‌లో పెట్టుకోండి, చాలు.

మీ ఫోటోల్లో నన్ను కలవరపెట్టింది ఒక్కటే, సీసా మీద “బీటిల్ 3” అని బాల్‌పెన్‌తో రాసిన స్టిక్కర్. పేరు తెలియని పురుగు రేపు తెలుస్తుంది, ఎల్లుండి తెలుస్తుంది. ఎక్కడ, ఎప్పుడు దొరికిందో రాయని పురుగుకు ఎన్నేళ్లయినా విలువ రాదు. ఇవాళే ఒక చిన్న కాగితం ముక్క మీద పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయండి: విశాఖపట్నం జిల్లా, ఆనందపురం మండలం, ఊరి పేరు, అక్షాంశ రేఖాంశాలు, గ్లాసు పెట్టిన తేదీ, తీసిన తేదీ, గత్తం కుప్ప దగ్గర గోతి ఉచ్చు, మీ పేరు. పెన్సిల్ స్పిరిట్‌లో చెరగదు, బాల్‌పెన్ కరిగి నీలినీళ్లు అవుతుంది. స్టిక్కర్ ఊడిపోతుంది.

ఫార్మలిన్‌లో పెట్టకండి. ఒళ్లు బిగుసుకుపోయి కీళ్లు కదలవు, డీఎన్ఏ కూడా పాడవుతుంది. 70 శాతం ఇథనాల్ మంచిది. ఆరబెట్టి దాచాలంటే ఈ పరిమాణం పురుగును సూదితో గుచ్చకుండా చిన్న అట్టముక్క మీద జిగురుతో అంటించి, సూదిని అట్టకు గుచ్చాలి. మామూలు గుండుసూదులు మన సముద్రపు గాలికి తుప్పు పట్టి అట్టను తినేస్తాయి, స్టెయిన్‌లెస్ కీటక సూదులే తెచ్చుకోండి. విశాఖ ఉక్కలో బూజు పట్టడానికి ఎక్కువ రోజులు పట్టదు. గట్టిగా మూతపడే డబ్బా, సిలికా జెల్, ఒక మూల కలరా ఉండలు. డబ్బా పెట్టిన బల్ల కాళ్లకు చీమలు ఎక్కకుండా చూసుకోండి, అవి ఒక్క రాత్రిలో పెట్టె ఖాళీ చేస్తాయి.

గ్లాసులు మళ్లీ పెట్టేటప్పుడు అంచు సరిగ్గా నేల మట్టానికి ఉండాలి, వేలెడు ఎత్తులో ఉన్నా పురుగు పక్క నుంచి వెళ్లిపోతుంది. పైన నాలుగు రాళ్ల మీద పెంకుముక్క కప్పండి, లేకపోతే ఒక్క వానకే నిండి పొర్లిపోతుంది. ఒకటే గ్లాసు కాకుండా గత్తం దగ్గర కొన్ని, జీడి ఆకుల కింద కొన్ని, గట్టు మీద కొన్ని పెట్టి, వేటికవి వేరే సీసాల్లో తీయండి. తోట మీదే కాబట్టి ఇబ్బంది లేదు. కంబాలకొండ మాత్రం వన్యప్రాణి అభయారణ్యం, అటవీశాఖ రాతపూర్వక అనుమతి లేకుండా అక్కడ ఒక్క గ్లాసు కూడా పాతకూడదు. అనుమతి దొరికేలోగా భీమిలి, యారాడ వైపు సముద్రం ఒడ్డుకు కొట్టిన నాచు కుప్పల్ని తిరగేసి చూడండి. కాఫియస్ అనే ప్రజాతి అలాంటి నాచులోనే బతుకుతుంది, ఫిలోంథస్‌కు దగ్గరి చుట్టం. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఈ తెగ లక్షణాలు పుస్తకం కంటే తొందరగా పట్టుబడతాయి.

ఇప్పటికి మీ రికార్డులో “ఫిలోంథస్ ప్రజాతి, జాతి తెలియదు, నిర్ధారణ కావాలి” అని రాసుకోండి. నాకు ఇంకో నాలుగు ఫోటోలు కావాలి: ప్రోనోటం నిటారుగా పై నుంచి, కుడి వరుస చుక్కలు కనబడేలా; తల కింది వైపు, నోటి పక్క తడుములు స్పష్టంగా; ముందుకాలి పాదం; తోక ముందు పలక కింది వైపు. మెరుపు తగ్గాలంటే లైటుకు అడ్డంగా ట్రేసింగ్ పేపర్ పెట్టండి. పురుగు దొర్లిపోతుంటే గిన్నె అడుగున కాస్త శానిటైజర్ జెల్ వేసి అందులో కావలసిన భంగిమలో నిలబెట్టి, పైన స్పిరిట్ పోసి తీయండి, తర్వాత కడిగేస్తే జెల్ పోతుంది. ఆఖరి ఫోటోలో నొక్కు కనబడితే ల్యాబ్‌లో చేయాల్సిన పని గురించి వివరంగా రాస్తాను, కనబడకపోతే గ్లాసులు మళ్లీ పెట్టే పని మొదలుపెట్టండి.